నిగాహ్ రాసిన హర్ఫ్‌లు

మా మామూజాన్ కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ అఖ్బార్‌కు పాతికేళ్లు కితాబత్ చేశారు. బటర్ పేపర్ మీద ఆయన కలం నడుస్తుంటే పక్కన కూర్చుని చూడడం మా చిన్నప్పటి షౌఖ్. కంప్యూటర్ ఉర్దూ వచ్చాక అఖ్బార్‌లో కాతిబ్‌ల అవసరం తీరిపోయింది. మామూ ఇంట్లోనే పిల్లలకు ఖుష్‌ఖతీ నేర్పుకుంటూ గడిపారు.

2009లో కుడిచేతి వేళ్లలో తాకత్ తగ్గడం మొదలైంది. కలం జారిపోయేది. తర్వాత చాయ్ కప్పు, ఆ తర్వాత కాళ్లు, చివరికి జబాన్. డాక్టర్లు ఏ.ఎల్.ఎస్. అన్నారు. కండరాలను నడిపించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే మర్జ్ అది. చాలామందిలో కళ్లను మాత్రం చివరిదాకా వదిలేస్తుంది. ఒక పెద్ద డాక్టర్ మంచం పక్కనే నిలబడి, మామూ వింటుండగానే, "ఆయనకేం తెలియడం లేదు, మీరు ఊరికే పరేషాన్ కాకండి" అన్నాడు. మామూ కంటి కొసల నుంచి నీళ్లు కారాయి. అది చూసింది ముమానీ ఒక్కతే.

ఆ సాయంత్రమే ముమానీ ఒక అట్ట తెప్పించింది. మామూ దగ్గర రాత నేర్చుకున్న మా కజిన్ దాని మీద ఉర్దూ హర్ఫ్‌లను వరసలుగా రాశాడు. ముందు వరస మీద వేలు పెట్టాలి. మామూ కన్ను ఆర్పితే అదే వరస. తర్వాత ఆ వరసలోని హర్ఫ్‌లు ఒక్కొక్కటే చూపించాలి. మళ్లీ కన్ను ఆర్పితే అదే హర్ఫ్.

మొదటి హర్ఫ్ "పే" వచ్చింది. అందరం ఒకేసారి "పానీ! పానీ అడుగుతున్నారు!" అన్నాం. ఒకరు గ్లాసు కోసం పరుగెత్తారు. మామూ కళ్లు గట్టిగా మూసుకున్నారు. కాదన్నమాట. మళ్లీ మొదలుపెట్టాం. పే, నూన్, కాఫ్, దో చష్మీ హే, అలిఫ్. పంఖా! డిసెంబర్ నెల. ఊపిరి ఆడాలని ఎవరో ఫుల్ స్పీడ్‌లో పెట్టిన ఫ్యాన్ మూడు రోజులుగా ఆయన నెత్తిన తిరుగుతోంది. మనిషి చలికి కుంగిపోతున్నారు. మేమేమో ఆయన ఏవో పెద్ద పెద్ద మాటలు చెప్పాలనుకుంటున్నారని ఏడుస్తున్నాం.

మామూ పోయాక చాలా ఏళ్లకు, పత్రిక పని మీద ఏదో చదువుతుంటే ఒక సంగతి కంటబడింది. మేం అట్ట మీద చేసిన పనినే, ముందు వరస, తర్వాత హర్ఫ్, 1988లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఇద్దరు సైన్స్‌దాన్‌లు కంప్యూటర్ పర్దా మీద చేశారు. తేడా ఒక్కటే. అక్కడ కన్ను ఆర్పే పని కూడా లేదు. కోరుకున్న హర్ఫ్ వెలగగానే దిమాగ్‌లో లేచే చిన్న కరెంటు అలే "ఇదే" అని చెప్పింది. ఆ అలను మనుషులు ఎలా కనిపెట్టారు, ఎలా చదవడం నేర్చుకున్నారు అన్నదే ఈ కిస్సా.

చూపు ఎక్కడ పూర్తవుతుంది?

ఉర్దూ మీడియంలో మా సైన్స్ ఉస్తాద్ ఇబ్న్ అల్-హైథమ్ పేరు చెప్పకుండా రోష్నీ పాఠం మొదలుపెట్టేవారు కాదు. బస్రాలో పుట్టి కైరోలో జీవితం గడిపిన ఆ ఆలిమ్ 11వ శతాబ్దం మొదట్లో "కితాబ్ అల్-మనాజిర్" రాశారు. కంటి నుంచి కిరణాలు బయటికి వెళ్లి వస్తువును తాకుతాయని అప్పటిదాకా ఎందరో నమ్మేవారు. కాదు, వస్తువు నుంచి రోష్నీయే కంటిలోకి వస్తుందని ఆయన దలీల్‌తో చూపించారు. మన కిస్సాకు కావలసింది ఆయన చెప్పిన రెండో మాట. చూడడం కంటి దగ్గర ఆగిపోదు. వచ్చిన రూపాన్ని ఇంతకుముందు చూసినవాటితో పోల్చి, ఇది ఫలానా అని గుర్తుపట్టే పని లోపల, దిమాగ్‌లో జరుగుతుంది. ఆ కితాబ్ లాటిన్‌లోకి వెళ్లి, 1572లో బాసెల్‌లో అచ్చయి, యూరప్ చేతికి అందింది.

లోపల ఏదో జరుగుతుందని తెలిసినా దాన్ని పట్టుకునే పరికరం రావడానికి ఎనిమిదిన్నర శతాబ్దాలు పట్టింది. 1875లో లివర్‌పూల్ డాక్టర్ రిచర్డ్ కేటన్ కుందేళ్ల, కోతుల దిమాగ్ మీద నేరుగా తీగలు ఆనించి, గాల్వనోమీటర్‌తో కరెంటును కొలిచాడు. ఆ పరికరంలో చిన్న అద్దం ఉంటుంది. కరెంటు మారినప్పుడల్లా అద్దం కదిలి, దాని మీద పడిన వెలుగు చుక్క గోడ మీద జరుగుతుంది. కుందేలు కంటి మీద రోష్నీ వేస్తే దిమాగ్‌లో ఒకచోట కరెంటు మారడం కేటన్ చూశాడు. ఆ సంగతిని అదే ఏడాది ఎడింబరోలో డాక్టర్ల సభలో చెప్పాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

పదిహేనేళ్ల తర్వాత 1890లో, పోలండ్ నగరం క్రాకోవ్‌లో అడోల్ఫ్ బెక్ అనే యువకుడు కేటన్ పని తెలియకుండానే కుక్కల మీద, కుందేళ్ల మీద ఇలాంటి తజుర్బాలే చేసి అచ్చు వేశాడు. వెంటనే వియన్నా నుంచి ఫ్లైష్ల్ అనే ప్రొఫెసర్, "ఇది నేను 1883లోనే కనిపెట్టి సీలు వేసిన కవరులో దాచాను" అని ముందుకొచ్చాడు. ఇద్దరి తక్‌రార్ చూసి కేటన్ లివర్‌పూల్ నుంచి, నేను 1875లోనే చెప్పాను కదా అని ఉత్తరం రాశాడు. ముగ్గురిలో ఎక్కువ దుఃఖం బెక్‌ది. యూదు కుటుంబంలో పుట్టిన ఆయన 1942లో, నాజీలు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, విషం మింగి ప్రాణం తీసుకున్నాడు.

జేనా డాక్టర్ రహస్యం

కుందేలు సరే, మనిషి సంగతి? పుర్రె తెరవకుండా దిమాగ్ కరెంటు దొరుకుతుందా?

జర్మనీలోని జేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు ఉండేవాడు. జవానీలో ఫౌజ్‌లో ఉండగా ఒకరోజు గుర్రం మీద నుంచి పడ్డాడు. వెనక నుంచి వస్తున్న ఫిరంగి బండి చక్రం కింద నలిగిపోవలసినవాడు, వెంట్రుకవాసిలో బతికాడు. అదే రోజు ఇంటి నుంచి తార్ వచ్చింది. తమ్ముడికి ఏదో అయిందని అక్కకు మనసులో కీడు శంకించిందట, నాన్నతో తార్ కొట్టించింది. తన భయం అంత దూరంలోని అక్క మనసుకు ఎలా చేరింది? ఈ సవాల్ బెర్గర్‌ను జీవితమంతా వెంటాడింది. ఆ జవాబు ఆయనకు దొరకలేదు. దాన్ని వెతుకుతూ పోయినవాడికి ఇంకొకటి దొరికింది.

1924 జూలైలో, ఆపరేషన్ వల్ల పుర్రెలో కొంత ఎముక తీసేసిన ఒక కుర్రవాడి తల మీద ఆయన మొదటిసారి మనిషి దిమాగ్ కరెంటును పట్టుకున్నాడు. తర్వాత సొంత కొడుకు తల మీద, తన తల మీద కూడా ప్రయత్నించాడు. తాను చూస్తున్నది దిమాగ్ కరెంటా, లేక గుండెదో కండరాలదో అన్న షక్ తీరడానికి ఐదేళ్లు పట్టింది. 1929లో అచ్చు వేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు నుంచే ఇప్పటి ఈ.ఈ.జీ. అన్న మాట వచ్చింది.

బెర్గర్ చూసినవాటిలో మన కిస్సాకు ముఖ్యమైనది ఆల్ఫా అల. మనిషి కళ్లు మూసుకుని ఊరికే కూర్చుంటే తల వెనక భాగం నుంచి సెకనుకు సుమారు పదిసార్లు లేచి పడే అల వస్తుంది. కళ్లు తెరవగానే అది అణగిపోతుంది. మూస్తే మళ్లీ వస్తుంది. చూపుకూ దిమాగ్ అలకూ మధ్య ఒక స్విచ్చి ఉందన్నమాట. 1934లో కేంబ్రిడ్జిలో ఎడ్గర్ ఏడ్రియన్, మాథ్యూస్ కలిసి దీన్ని మళ్లీ చేసి చూపించాకే లోకం నమ్మింది. ఏడ్రియన్ అప్పటికే నోబెల్ అందుకున్నవాడు. ఆ ఇద్దరే ఇంకో సంగతి కూడా చూశారు. కళ్ల ముందు దీపం ఒక లెక్కలో మినుకుమినుకుమంటే, దిమాగ్ అల కూడా ఆ లెక్కకు తాళం పడుతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

బెర్గర్ గురించి ఒక చేదు నిజం కూడా చెప్పాలి. నాజీల కాలంలో, "పనికిరాని" మరీజ్‌లకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే తీర్పులిచ్చిన కోర్టులో ఆయన కూర్చున్నాడు. 1941లో ఆత్మహత్య చేసుకున్నాడు. నోరులేని మరీజ్‌లకు ఈరోజు ఆవాజ్ ఇస్తున్న ఇల్మ్ మొదటి మెట్టు వేసినవాడు, నోరులేని మరీజ్‌ల మీద జరిగిన జుల్మ్‌లో భాగస్తుడు. ఇల్మ్‌కు సొంతంగా రహమ్ ఉండదు. అది ఎవరి చేతిలో ఉందన్నదే చూసుకోవాలి.

షోర్‌లోంచి ఒక ఆవాజ్

అల దొరికింది గానీ అందులో చదవడానికేం ఉంది? తల మీద దొరికే కరెంటు మైక్రోవోల్టుల్లో ఉంటుంది, అంటే వోల్టులో పది లక్షల వంతు. మామూలు అలలు కొన్ని పదుల మైక్రోవోల్టులు. ఒక మెరుపు చూసినందుకు దిమాగ్ ఇచ్చే జవాబు అందులో కొన్ని మైక్రోవోల్టులే.

షాదీఖానా ఊహించుకోండి. దస్తర్‌ఖాన్ పరిచారు, వెయ్యి మంది మాట్లాడుకుంటున్నారు. ఒక మూల ఒక పిల్లాడు, హాల్లో లైటు ఆరి వెలిగిన ప్రతిసారీ ప్లేటు మీద చెంచాతో ఒకసారి కొడుతున్నాడు. ఒక్కసారి వింటే ఏమీ తెలియదు. కానీ లైటు వెలిగిన ప్రతి క్షణం నుంచి ఒక్కో సెకను చొప్పున రికార్డు చేసి, అలాంటి వంద ముక్కల సగటు తీయండి. జనం మాటలు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చెంచా చప్పుడు ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది కాబట్టి మిగులుతుంది. వంద సగటు తీస్తే షోర్ పదో వంతుకు తగ్గుతుంది. పదహారు తీస్తే నాలుగో వంతుకు.

1950ల మొదట్లో లండన్‌లో జార్జ్ డాసన్ ఈ సగటు పని చేసే యంత్రం కట్టాడు. ఈ దారిలో తర్వాత జరిగినవాటిలో చాలావరకు దీని మీదే నిలబడ్డాయి. మరీజ్ ఒక్క హర్ఫ్ రాయడానికి అంతసేపు ఎందుకు ఆగాలి అన్న సవాల్‌కు జవాబు కూడా ఇదే. ఒక్కసారి అడిగితే దిమాగ్ జవాబు షోర్‌లో మునిగిపోతుంది. పదేపదే అడగాలి, సబర్‌తో వినాలి.

హైరత్ అల

1965లో న్యూయార్క్‌లో శామ్యూల్ సటన్, ఆయన సాథీలు ఒక తమాషా తజుర్బా చేశారు. తర్వాత రాబోయేది చప్పుడా, మెరుపా అని మనిషిని ముందే ఊహించమన్నారు. ఏది వస్తుందో ముందే తెలిసినప్పుడు దిమాగ్ మామూలుగా ఉంది. తెలియక ఇంతెజార్ చేస్తున్నప్పుడు వస్తే మాత్రం, వచ్చిన తర్వాత సుమారు 300 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో మూడో వంతుకు, ఒక పెద్ద అల లేచింది. దానికి పి300 అని పేరొచ్చింది.

నేను దాన్ని నా మనసులో హైరత్ అల అనుకుంటాను. ఎదురుచూస్తున్నది, అరుదుగా వచ్చేది కళ్ల ముందుకు వచ్చినప్పుడు దిమాగ్ "అరే, ఇదే!" అంటుంది. బస్టాండులో యాభై బస్సులు పోతాయి, మన ఊరి బోర్డు కనబడగానే లోపల ఒక కదలిక కలుగుతుంది కదా, అలాంటిది. మిగతా బోర్డులనూ మన కళ్లు చూశాయి. కానీ వాటికి తవజ్జో ఇవ్వలేదు.

లాస్ ఏంజిల్స్ భూల్‌భులయ్యా

దిమాగ్ అలతో బయటి వస్తువును కదిలించవచ్చా? 1960ల్లో అమెరికా వైమానిక దళం ల్యాబ్‌లో ఎడ్మండ్ డివాన్ ఈ పని చేసి చూపించాడు. కళ్లను ఎలా తిప్పితే ఆల్ఫా అల పెరుగుతుందో, ఎలా చూస్తే తగ్గుతుందో మనుషులకు నేర్పించి, ఆ హెచ్చుతగ్గులతో మోర్స్ కోడ్‌లో హర్ఫ్‌లు పంపించాడు. 1967లో "నేచర్" పత్రికలో అది అచ్చయింది. తార్ బాబు టిక్కు టిక్కు లాగా, కానీ చెయ్యి లేకుండా.

కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజిల్స్‌లో జాక్ విడాల్ 1973లో రాసిన వ్యాసంలోనే "బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్" అన్న పేరు పుట్టింది. దిమాగ్ అలలు కేవలం మర్జ్‌ను పట్టుకునే నిషానీలేనా, వాటితో కంప్యూటర్‌తో మాట్లాడలేమా అని అందులో అడిగాడు. 1977లో జవాబు కూడా ఇచ్చాడు. పర్దా మీద గళ్ల గళ్ల బొమ్మ మెరుస్తుంటుంది. దాని చుట్టూ నాలుగు చుక్కలు. మనిషి ఏ చుక్కను చూస్తే, మెరుపు అతని చూపులో దానికి ఎదురు పక్కన పడుతుంది. అందువల్ల తల వెనక లేచే అల ఆకారం మారుతుంది. కంప్యూటర్ ఆ ఆకారం పోల్చుకుని, పైకా కిందికా కుడికా ఎడమకా అని నిర్ణయిస్తుంది. అలా మనుషులు ఒక గుర్తును పర్దా మీది భూల్‌భులయ్యా దారుల్లో నడిపించారు. ఇంటికో కంప్యూటర్ లేని రోజుల మాట ఇది.

ముప్పై ఆరు ఖానాలు

ఇక 1988. ఇల్లినాయ్‌లో లారెన్స్ ఫార్వెల్, ఇమాన్యుయెల్ డాంచిన్ పర్దా మీద ఆరు అడ్డ వరసలు, ఆరు నిలువు వరసలు గీశారు. మొత్తం 36 ఖానాల్లో ఇంగ్లిష్ హర్ఫ్‌లు, కొన్ని ఆదేశాలు పెట్టారు. వరసలు ఒక్కొక్కటే, ముందువెనకలు లేకుండా, మెరుస్తాయి. మనిషి తనకు కావలసిన హర్ఫ్ మీదే తవజ్జో పెట్టి, అది మెరిసినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకోవాలి. పన్నెండు మెరుపుల్లో రెండింటిలోనే ఆ హర్ఫ్ ఉంటుంది, ఒక అడ్డ వరస, ఒక నిలువు వరస. అరుదు కాబట్టి ఆ రెండింటికే హైరత్ అల లేస్తుంది. ఆ రెండూ కలిసే ఖానాయే అతను కోరిన హర్ఫ్.

ముప్పై ఆరు హర్ఫ్‌లను ఒక్కొక్కటే చూపించే బదులు పన్నెండు మెరుపులతో పని అయిపోతుంది. మా ముమానీ అట్ట మీద పట్టుకున్న కిటుకు ఇదే. ఆమె చదువుకున్నది ఐదో జమాత్. కష్టం ఒకటే అయితే తరకీబ్ కూడా ఒకటే దొరుకుతుందేమో.

రఫ్తార్ ఎంత? 95 శాతం సరిగా రావాలంటే నిమిషానికి 2.3 హర్ఫ్‌లు. పంఖా అన్న మాటకు రెండు నిమిషాల పైమాటే. ఆ తజుర్బాలో కూర్చున్నవారంతా సెహత్ ఉన్నవాళ్లే. మరీజ్‌ల దగ్గరకు, ఇళ్లలోకి ఇది రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. 2010లో అమెరికాలోని వాడ్స్‌వర్త్ సెంటర్ పరిశోధకులు, ఏ.ఎల్.ఎస్.తో కదలలేని 51 ఏళ్ల సైన్స్‌దాన్ ఒకరు ఇంట్లోనే రెండున్నరేళ్లకు పైగా రోజూ గంటల తరబడి ఇలాంటి పరికరం వాడుతున్నారని రాశారు. కేర్ తీసుకునేవారు తలకు టోపీ తొడిగితే చాలు, ఆయన ఈమెయిళ్లు రాసుకుంటూ తన పని తాను చేసుకున్నారు. మేం అట్ట పట్టుకుని కూర్చున్న రోజులూ అవే.

తాళం పట్టే దిమాగ్

ఏడ్రియన్ చూసిన మినుకు దీపం సంగతి ఇక్కడ మళ్లీ వస్తుంది. సెకనుకు 10 సార్లు మెరిసే ఖానాను చూస్తే తల వెనక 10 లెక్కలో అల. 12 సార్లు మెరిసేదాన్ని చూస్తే 12 లెక్క. అంటే ప్రతి హర్ఫ్‌కూ ఒక వేరే తాళం ఇస్తే, దిమాగ్ ఏ తాళం పడుతోందో చూసి మనిషి ఏ హర్ఫ్‌ను చూస్తున్నాడో చెప్పవచ్చు.

దీనికి దగ్గరి ఉపాయం సాన్‌ఫ్రాన్సిస్కోలో ఎరిక్ సటర్ చేశాడు. 64 ఖానాలు, అన్నింటికీ ఒకే మెరుపుల వరస, కానీ ఒక్కోదానికి కొంత ఆలస్యంగా. ఏ.ఎల్.ఎస్. ఉన్న ఒక మరీజ్‌కు పుర్రె కింద, దిమాగ్ పొర పైన తీగలు అమర్చారు. ఆయన నిమిషానికి 10 నుంచి 12 మాటలు రాయగలిగారని సటర్ 1992లో రాశాడు.

పుర్రె తెరవకుండా ఈ దారిని ముందుకు తీసుకుపోయినవారు బీజింగ్‌లోని సింఘ్వా యూనివర్సిటీవాళ్లు. 2002లో వాళ్లు పదమూడు మినుకు బటన్లతో ఫోన్ నంబరు కొట్టే పరికరం చూపించారు. పదమూడు మందిలో ఎనిమిది మంది చెయ్యి కదపకుండా మొబైల్‌కు ఫోన్ చేయగలిగారు. 2015లో అక్కడినుంచే 40 ఖానాల పరికరం వచ్చింది. తాళాలు 8 నుంచి 15.8 దాకా, ఒక్కోదానికి తేడా 0.2 మాత్రమే. ఖానాను అర సెకను చూస్తే చాలు, ఇంకో అర సెకను చూపు మార్చుకోవడానికి. బాగా కుదిరినప్పుడు నిమిషానికి 60 హర్ఫ్‌లు. 2.3 నుంచి 60 దాకా రావడానికి ఇరవై ఏడేళ్లు.

ఇందులో ఒక ఖతరా కూడా ఉంది. మినుకు వెలుగు కొందరికి మూర్ఛ తెప్పిస్తుంది. 1997 డిసెంబర్‌లో జపాన్ టీవీలో ఒక పోకెమాన్ భాగంలో ఎరుపు, నీలం రంగులు వేగంగా మెరిస్తే సుమారు 700 మంది పిల్లలను ఆసుపత్రులకు తీసుకుపోవలసి వచ్చింది. మూర్ఛ ఉన్నవారిని ఇలాంటి పరికరం ముందు కూర్చోబెట్టే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే. ఆరోగ్యంగా ఉన్నవారికైనా కళ్లు త్వరగా అలసిపోతాయి.

నజరా, తవజ్జోనా?

ఇన్నేళ్లూ ఒక సవాల్ మూల నలుగుతూనే ఉంది. ఈ పరికరాలు చదువుతున్నది మనిషి తవజ్జోనా, లేక కేవలం అతని నజర్ ఎక్కడుందన్నదా? ఉర్దూలో ఈ రెండింటికీ తేడా అందరికీ తెలుసు. నజర్ ఒకచోట, తవజ్జో ఒకచోట ఉన్న పిల్లాడిని ఏ ఉస్తాద్ అయినా ఇట్టే పట్టుకుంటాడు.

2010లో ఈ సవాల్‌ను నేరుగా పరీక్షించారు. మనుషులను పర్దా మధ్యలోనే చూపు నిలిపి, మనసు మాత్రం పక్కనున్న హర్ఫ్ మీద పెట్టమన్నారు. అప్పుడు పరికరం బాగా తడబడింది. నేరుగా హర్ఫ్‌నే చూసినప్పుడు సరిగా చదివింది. అంటే హైరత్ అల ఒక్కటే కాదు, కన్ను సూటిగా చూసినందుకు లేచే అలలు కూడా ఇందులో పెద్ద పాత్ర పోషిస్తున్నాయి.

ఇది చిన్న మాట కాదు. కళ్లు కదిలే మరీజ్‌కు కళ్లను కెమెరాతో గమనించే పరికరం ఇంకా తేలిక, నెత్తికి జెల్లూ టోపీ అక్కర్లేదు. దిమాగ్ పరికరం నిజంగా కావలసింది కళ్లు కూడా ఆగిపోయినవారికి. కానీ చూపు మీద నిలబడిన పరికరాలు సరిగ్గా వాళ్ల దగ్గరే తడబడతాయి. అందుకే పరిశోధకులు ఖానాలన్నీ పర్దా మధ్యలోనే చూపే తరీఖాలు, చెవికి వినిపించే తరీఖాలు వెతుకుతున్నారు. 2022లో, కళ్లను కూడా నమ్ముకోలేని స్థితికి చేరిన ఒక ఏ.ఎల్.ఎస్. మరీజ్, దిమాగ్‌లో అమర్చిన తీగలతో, చెవికి వినబడే స్వరాన్ని పైకీ కిందికీ తెచ్చుకుంటూ, నిమిషానికి ఒక హర్ఫ్ చొప్పున ఇంటివాళ్లతో మాట్లాడారు. నిమిషానికి ఒక హర్ఫ్ అంటే మనకు సున్నా లాంటిది. ఆయన ఇంటివాళ్లను అడగాలి దాని కీమత్.

ఖామోషీకి కూడా హక్ ఉంది

ఇదే పి300కు ఇంకో ముఖం ఉంది. కోరుకున్న హర్ఫ్ చూస్తే దిమాగ్ "ఇదే" అంటుంది సరే, నేరం జరిగిన చోటు ఫోటో చూపిస్తే? మనిషి నోరు మూసుకున్నా దిమాగ్ గుర్తుపట్టినట్టు అల లేస్తుందా? ముప్పై ఆరు ఖానాల పరికరం చేసిన ఫార్వెల్ తర్వాత ఆ దారిలోనే వెళ్లి, దానికి "బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్" అని పేరు పెట్టాడు.

మన దేశంలో పోలీసులు దిమాగ్ అలల పరీక్షలను నార్కో, లై డిటెక్టర్‌లతో పాటు వాడుకున్నారు. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు ఇచ్చింది. "పి300 వేవ్స్ టెస్ట్" అన్న పేరు ఆ తీర్పులోనే కనబడుతుంది. మనిషి ఇష్టం లేకుండా ఈ మూడింటిలో ఏదీ చేయకూడదని, తనకు వ్యతిరేకంగా తానే గవాహీ ఇవ్వకుండా ఉండే హక్‌ను రాజ్యాంగం 20(3) అధికరణం ఇచ్చిందని కోర్టు చెప్పింది.

ఈ తీర్పును ప్రతి ఇంట్లో చదువుకున్న పిల్లలైనా తెలుసుకోవాలి. అలకు నియ్యత్ ఉండదు. మాట్లాడాలని తహతహలాడే మరీజ్ తల మీద అదే అల ఆవాజ్ అవుతుంది. మాట్లాడనని కూర్చున్న మనిషి తల మీద బలవంతంగా పెడితే అదే అల జబర్దస్తీ అవుతుంది. మధ్యలో ఉన్న గీత పేరు మర్జీ. యంత్రం ఎంత బాగా చదువుతుందన్న సవాల్ కన్నా, ఎవరి మర్జీతో చదువుతోందన్న సవాల్ ముందు అడగాలి.

మన హర్ఫ్‌ల మాట

ఈ పరికరాల్లో చాలావరకు ఇంగ్లిష్ హర్ఫ్‌లే. దేవనాగరి ఖానాల మీద రాయ్‌పూర్ ఎన్.ఐ.టి.లో పని జరిగింది. తెలుగుకు కొంచెం ఆలోచించాలి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ ఖానాల్లో పెడితే పర్దా సరిపోదు. హల్లు ఒకసారి, గుణింతం ఒకసారి ఎంచుకునేలా రెండు మెట్లు పెట్టాలి. ఉర్దూకు హర్ఫ్‌లు తక్కువేమీ కాదు గానీ జేర్, జబర్ రాయకుండా పని గడిచిపోతుంది. "పంఖా"కు ఐదు హర్ఫ్‌లు చాలాయి. రాసేవాడికి మెహనత్ తగ్గినా చదివేవాడు ఊహించుకోవాలి. ఆ ఊహలోనే మేం "పానీ" దగ్గర బోల్తా పడ్డాం.

ఇప్పటి ఫోన్లు కూడా మొదటి హర్ఫ్ కొట్టగానే మాట మొత్తం ఊహిస్తాయి. దిమాగ్ పరికరాలకూ ఆ ఊహ కలుపుతున్నారు, రఫ్తార్ పెరుగుతుంది. పెరగనివ్వండి. కానీ మరీజ్ కళ్లు మూసుకుని "కాదు" అనడానికి ఒక ఖానా ఎప్పుడూ ఉండాలి. మంచంలో ఉన్నవారి తరఫున మాట పూర్తి చేయడం మనకు అలవాటు. పానీ అడుగుతున్నారని, డాక్టర్‌ను పిలవమంటున్నారని, ఆఖరి నసీహత్ చెబుతున్నారని మనమే అనుకుంటాం. ఆయనకు కావలసింది ఫ్యాన్ ఆపడం.

మీ ఇంట్లో ఫాలిజ్‌తోనో మరో మర్జ్‌తోనో మాట పోయినవారు ఉంటే, యంత్రం కోసం ఆగకండి. ఒక అట్ట చాలు. కన్ను ఒకసారి ఆర్పితే అవును, గట్టిగా మూసుకుంటే కాదు అని ముందు ఒప్పందం చేసుకోండి. వరస, తర్వాత హర్ఫ్. మధ్యలో మాట పూర్తి చేయకండి. జవాబు రాకపోతే ఆయనకు తెలియడం లేదని అనుకోకండి, సవాల్ మార్చి అడగండి. అన్నిటికంటే ముందు, మంచం పక్కన నిలబడి ఆయన గురించి మాట్లాడకండి. ఆయనతో మాట్లాడండి.

మామూ ఆ అట్టతో ఐదు నెలలు మాట్లాడారు. కజిన్ రాసిన "నూన్"లో చుక్క సరైన చోట లేదని కూడా ఒకరోజు చెప్పారు. అది చెప్పడానికి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. కజిన్ అదే రోజు అట్ట మొత్తం మళ్లీ రాశాడు. ఆ రెండో అట్ట ఇప్పటికీ ముమానీ అల్మారాలో ఉంది.